ఐదుకి మూడున్నర

మా ముగ్గురిలో బీరు మోసుకొచ్చే మనిషి బీరు తాగడు. ముందు ఈ సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మా శనివారాలు ఎవరికీ అర్థం కావు.

ఆయనది ఖమ్మంలో తాతల నాటి అత్తరు దుకాణం. సరుకు కోసం వారానికోసారి హైదరాబాద్ వెళ్తాడు. వచ్చేటప్పుడు, సొంతంగా బీరు తయారుచేసి అక్కడికక్కడే పోసే చోట్ల రెండు మూడు పెద్ద గాజు సీసాలు నింపించుకుని, ఐస్ డబ్బాలో పెట్టి, పసిపిల్లను తెచ్చినంత జాగ్రత్తగా రైల్లో తెస్తాడు. తను మాత్రం చుక్క నోట్లో వేసుకోడు. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకుంటాడు. "తాగుడు మా ఇంట్ల లేదు మేడమ్. వాసన చూసుడు మా ఖాందాన్ పని," అంటాడు. మా ముగ్గురిలో ఆయన చెప్పిందే ఎక్కువసార్లు నిజమయ్యేది.

రెండో ఆయన రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్. మూడోదాన్ని నేను, నీళ్లు పరీక్షించే ల్యాబ్‌లో ఉద్యోగం. మా మేడ మీద రేకుల షెడ్డు కింద, శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక కూర్చునేవాళ్లం. మా ఆయనకు బీరు పడదు. మిరపకాయ బజ్జీల పొట్లం తెచ్చి మా మధ్య పెట్టి, "మీ పరీక్షలు మీరు రాసుకోండి" అని క్రికెట్ చూడటానికి కిందికి వెళ్లిపోయేవాడు.

ఐదుకి ఇన్ని అని మార్కులు వేసే పద్ధతి లెక్చరర్ గారిది. ముప్పై ఏళ్లు పేపర్లు దిద్దిన చెయ్యి ఊరుకోదు కదా. గోధుమ బీరు వచ్చిందనుకోండి, అత్తరు ఆయన ముందు వాసన చూసి "అరటిపండు తొక్క, దాని ఎనక లవంగం" అనేవాడు. తాగి చూస్తే అచ్చంగా అదే. నల్ల బీరును లెక్చరర్ గారు ఆకాశానికెత్తి నాలుగున్నర వేసేవారు. నేను, కాఫీ మాడిన గిన్నె కడిగిన నీళ్లకు ఇంత ముచ్చటేమిటని రెండు వేసేదాన్ని. మామిడి రసం కలిపిందొకటి వచ్చింది. దాన్ని దగ్గుమందు అన్నానని లెక్చరర్ గారు రెండు వారాలు నాతో సరిగా మాట్లాడలేదు. మళ్లీ ఆయనే ఫోన్ చేసి, "మేడమ్, ఆలోచిస్తే దగ్గుమందే," అని ఒప్పుకున్నారు.

మాకు ఒక్కటే నియమం. పోసుకోవడం అయిన వెంటనే సీసా మూత బిగించాలి. మరచిపోయినవాళ్లకు లెక్చరర్ గారి చేతిలో గంటసేపు పాఠం తప్పదు. గ్యాస్ పోతే బీరు పోయినట్టే అనేవారాయన.

నేను దేనికీ ఐదు వేయలేదు. ఎంత మంచిదొచ్చినా నాలుగు దగ్గర నా చెయ్యి ఆగిపోయేది. "మీ ఐదు ఎవరి కోసం దాచుకున్నారు మేడమ్?" అని ఆటపట్టించేవాళ్లు. ఒక శనివారం, వాన వస్తూ పోతూ ఉన్నప్పుడు, చెప్పేశాను. నా ఐదు అడవిలో కల్లు గీసే ఒక జీలుగు చెట్టు దగ్గర ఉండిపోయింది.

మాది మణుగూరు. నాన్న బొగ్గుగనిలో ఎలక్ట్రీషియన్. మా ఇంట్లో ఆదివారం అంటే చర్చి, మిగతా ఆరు రోజులూ ఆ ఆదివారానికి సిద్ధం కావడం. రోడ్డు మీద కల్లు కుండ కనబడితే అమ్మ నా రెక్క పట్టుకుని అవతలి పక్కకు లాగేది. నేను మాటకు మాట చెప్పే పిల్లను. నోరెక్కువ అని ఇంట్లోనూ చర్చిలోనూ పేరు. డిగ్రీకి భద్రాచలం హాస్టల్లో చేర్చినప్పుడు, నా నోరు తనకు దూరమైనందుకు అమ్మ కొంచెం ఊపిరి పీల్చుకుందనే నా అనుమానం.

హాస్టల్లో నా పక్క మంచం ఒక కోయ అమ్మాయిది. దుమ్ముగూడెం దాటాక అడవిలోకి నడిచి వెళ్లాల్సిన చిన్న గుంపు వాళ్లది. పాతిక ఇళ్లు కూడా ఉండవు. తక్కువ మాట్లాడేది, మాట్లాడితే సూటిగా మాట్లాడేది. నాకు నేస్తమైంది. రెండో ఏడు ఫిబ్రవరిలో రెండు రోజులు సెలవొస్తే, "మా ఇంటికి రావే, ఈడ ఒక్కదానివి ఏం చేస్తవ్" అంది. వెళ్లాను.

వాళ్ల నాన్నను నేను బాబాయ్ అని పిలిచాను. పొద్దున్నే ఆయన ఇంటి వెనక వాలులో ఉన్న జీలుగు చెట్టెక్కాడు. చెట్టుకు నిలువునా వెదురు బొంగు కట్టి ఉంది, దాని కణుపుల దగ్గర వదిలిన కొమ్మ ముక్కలే మెట్లు. సొరబుర్ర నిండా కల్లు దించాడు. చెట్టు కింద అప్పటికే ఎనిమిది మంది దాకా కూర్చున్నారు. సగం మంది ఆడవాళ్లు. నేస్తం వాళ్లమ్మ ఉంది, ఇద్దరు ముసలమ్మలున్నారు. ఎవరూ ఎవరి దగ్గరా దాచుకుని తాగడం లేదు. ఇది చూసి నా కళ్లు తిరిగాయి, ఇంకా తాగక ముందే.

బాబాయ్ కొంచెం నేల మీద పోశాడు, పెద్దలకు. తర్వాత నా చేతిలో ఆకు డొప్ప పెట్టి పోశాడు. నేను కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, భోజనం ముందు చేసే ప్రార్థన చేసేశాను. కళ్లు తెరిచేసరికి నేస్తం పొట్ట పట్టుకుని నవ్వుతోంది. "ఏందే, కల్లుకు గూడ ప్రార్థననా?"

"అలవాటే," అన్నాను. అబద్ధం కాదు.

తాగాను. "బాగుంది," అన్నాను. అందరూ ఇంకా నా వంకే చూస్తున్నారు. నేస్తం మోచేత్తో పొడిచింది. "బాగున్నదంటె మాట కాదు. దేని లెక్కున్నదో చెప్పాలె."

ఆ ఇంటి పద్ధతి అది. ఆ పూట కల్లు తాగినవాళ్లు ఒక్కొక్కరూ అది దేనిలా ఉందో చెప్పాలి. బాగుంది, బాగాలేదు అని చెట్టు ముందర అనరు. ఒక ముసలమ్మ దోసగింజ లెక్కున్నదంది. ఇంకొకామె, నిన్న చెట్టుకు దూపైనట్టుంది, ఈ పొద్దు కడుపు నిండినట్టుంది అంది. కొన్ని కోయలో అన్నారు, నేస్తం నాకు చెప్పింది. అందరి మాటలూ అయ్యేదాకా చెట్టెక్కిన మనిషి తాగడు. బాబాయ్ డొప్ప పట్టుకుని నా కోసం ఆగాడు.

ఇంకో గుక్క తాగాను. చల్లగా, తియ్యగా వచ్చి, చివర్లో గోదావరి ఒడ్డున మొదటి చినుకులకు లేచే వాసన ఒకటి తగిలింది.

"వాన పడ్డ ఇసుక లెక్కున్నది బాబాయ్," అన్నాను.

ఆయన ఆ మాటను ముసలమ్మలకు కోయలో చెప్పాడు. వాళ్లు తలలూపారు. ఆయన అప్పుడు తాగి, మూతి తుడుచుకుని, "ఈ పిల్లకు నాలుక ఉన్నది," అన్నాడు. పంతొమ్మిదేళ్లొచ్చేదాకా నా నోటి గురించి ఒక మంచిమాట విననిదాన్ని. ఆ మాటతోనే నేను ఇంట్లో బతిమాలుకుని పై చదువు కెమిస్ట్రీలో చదివాను, నీళ్ల ల్యాబ్‌లో చేరాను, ఈ బీర్ల పిచ్చిలో పడ్డాను. అతిశయోక్తి కాదు, లెక్క వేసుకుంటే అంతే తేలుతుంది.

వాళ్ల పెరట్లో నడుమెత్తు జీలుగు మొక్క ఒకటి ఉండేది. ఎవరు నాటారని అడిగాను. "మానుపిల్లి," అన్నాడు బాబాయ్. అడవిపిల్లి చెట్టు నాటడమేమిటి, నేను వేళాకోళమనుకున్నాను. ఆయన చెట్టు చూపించి చెప్పాడు. జీలుగు పైనుంచి కిందికి ఒక్కో గెల దించుతుంది. ఒక్కో గెల కోసి కల్లు తీస్తారు. కింది గెలతో చెట్టు పని అయిపోతుంది, ఇక ఎండిపోవడమే. "గందుకే ఆఖరి గెలను ముట్టం బిడ్డా. గది మానుపిల్లిది. పండ్లు తింటది, ఏడనో గింజలేస్తది, మల్ల చెట్టు మొలుస్తది. గీ మొక్క గట్లొచ్చిందే. ఇగ ఇది మీ ఇద్దరిది, పోండ్రి."

మేమిద్దరం ఆ మొక్క చుట్టూ ముళ్లకంప కట్టాం. నేను చెంబుతో నీళ్లు పోశాను. నా వేలికి ముల్లు గుచ్చుకుని చీము పట్టింది, హాస్టల్లో వారం రోజులు అందరికీ చూపించుకుని తిరిగాను.

డిగ్రీ అయ్యాక నేస్తం వాళ్ల గుంపులోనే అంగన్‌వాడీ టీచరైంది. నేను పెళ్లి చేసుకుని ఖమ్మం వచ్చాను. మొదట్లో రెండేళ్లకోసారైనా వెళ్లేదాన్ని, తర్వాత అదీ లేదు. ఒకరోజు ఫోన్ చేసింది. "మన చెట్టు గెల దించిందే!" తన గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు. వచ్చే నెల వస్తానన్నాను. ల్యాబ్‌లో ఆడిట్ వచ్చింది. మరుసటి ఏడు ఇంకో గెల, మా అత్తకు ఆపరేషన్. ఆ తర్వాతేడు ఏమొచ్చిందో గుర్తు కూడా లేదు. ఖమ్మం నుంచి వాళ్ల గుంపుకు నాలుగు గంటల దారి. నాలుగు గంటలు దొరకని మనిషిని, ప్రతి శనివారం మధ్యాహ్నం నాలుగు గంటలు బీర్లకు మార్కులు వేస్తూ కూర్చున్నాను.

పోయిన ఏప్రిల్‌లో మళ్లీ ఫోన్ చేసింది. "ఇగ ఇదే ఆఖరిదే. నాయిన కోస్తనంటుండు. ఈసారన్న రా."

వస్తానన్నాను. ఆఖరిదన్న మాట చెవిన పడింది గానీ, లోపలికి వెళ్లలేదు. నా బుర్ర అప్పటికే ఎవరెవరిని తీసుకెళ్లాలా అని ఆలోచిస్తోంది. నా ఐదు ఎక్కడుందో ఈ ఇద్దరికీ చూపించాలి. పెద్ద గాజు సీసా ఒకటి తీసుకెళ్లి కొంచెం తెచ్చుకోవాలి కూడా.

తెల్లవారుజామున బయలుదేరి ఎండ ముదరకముందే చేరుకున్నాం. నడుమెత్తు మొక్క తల ఎత్తి చూడాల్సినంత చెట్టైంది. కింద ఒకే ఒక్క గెల. బాబాయ్ చిక్కిపోయాడు. అయినా తనే ఎక్కి దించాడు. ముసలమ్మల్లో ఒకామె మిగిలింది, నన్ను చూసి పళ్లులేని నోటితో నవ్వింది. నేల మీద పోశాక, మొదటి డొప్ప నాకే ఇచ్చాడు. అందరూ నా వంక చూశారు, బాబాయ్ డొప్ప పట్టుకుని ఆగాడు. అంతా అప్పటిలాగే ఉంది. నేనే వేరే మనిషిని.

"చెప్పండి మేడమ్, ఇన్నేళ్లు దాచుకున్న ఐదు," అన్నారు లెక్చరర్ గారు.

నాకు ఎక్కడలేని నిపుణత్వం తన్నుకొచ్చింది. మార్కులు రాసుకోవడానికి ఫోన్ తీశాను. నురగ చూశాను, డొప్పను ఎండకు తిప్పి రంగు చూశాను, గుక్క నోట్లో తిప్పాను. "కొంచెం తేలిపోయింది. తీపి ముందే అయిపోతోంది, వెనక పులుపు నిలబడటం లేదు. ఐదుకి మూడున్నర," అన్నాను.

అత్తరు ఆయన తన డొప్పను ముక్కు దగ్గర పెట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకున్నాడు. తెరిచి, మెల్లగా, "దీనికి మార్కులేంది మేడమ్," అన్నాడు.

"మూడున్నర అంటె?" అని అడిగాడు బాబాయ్. లెక్చరర్ గారు ఉత్సాహంగా మా పద్ధతంతా వివరించారు. బాబాయ్ శ్రద్ధగా విన్నాడు. "మరి ఐదు ఎవరికిస్తవ్ బిడ్డా?" అన్నాడు. ఎత్తిపొడుపు కాదు. నిజంగా తెలుసుకుందామని అడిగాడు. నేను నవ్వేసి ఇంకో గుక్క తాగాను. ఆయన తన డొప్ప తాగలేదు, పక్కన పెట్టేశాడు. అప్పుడు నేను దాన్ని గమనించాను, ఎందుకో మాత్రం ఆలోచించలేదు.

బయలుదేరేటప్పుడు నేస్తం మిగిలిన కల్లు మా సీసాలో పోసి, మూతికి ఆకులు కుక్కింది. "మూత బిగించకు. దానికి ఊపిరాడాలె," అంది. కారెక్కి పది నిమిషాలు కాకముందే నేను ఆకులు తీసేసి మూత బిగించాను. గ్యాస్ పోతే ఏం మిగులుతుంది? లెక్చరర్ గారు బాగా చేశారన్నారు. "ఆమె వద్దన్నది కదా మేడమ్," అన్నాడు అత్తరు ఆయన. ఆయన తాగడు కదా, ఆయనకేం తెలుసనుకున్నాను.

పాల్వంచ దాటాక వెనక సీటు కింద సీసా ఠప్పుమని పేలింది. కల్లు సొరబుర్రలో ఉన్నా, సీసాలో ఉన్నా పులుస్తూనే ఉంటుందని, ఏప్రిల్ ఎండలో దాని ఊపిరి మరీ ఎక్కువవుతుందని, నీళ్ల ల్యాబ్‌లో పనిచేసే నాకు తెలియదా? తెలుసు. బీరు తెలివి దాని మీద ఎక్కి కూర్చుంది. గాజు పెంకులు సంచిలోనే ఉన్నాయి, ఎవరికీ తగల్లేదు. కల్లు మాత్రం చుక్క మిగల్లేదు. సాయంత్రం నేస్తం ఫోన్ చేసింది. "చేరిందానే?"

"చేరింది. ఫ్రిజ్‌లో పెట్టిన. చల్లగుంది," అన్నాను.

కారులో ఆ వాసన ఇరవై రోజులు ఉంది. కడిగించవద్దని అత్తరు ఆయన బతిమాలాడు. నేను ఆఫీసు ముందు కారు ఆపుకుని అద్దాలు ఎత్తి అందులోనే కూర్చునేదాన్ని. రోజు రోజుకీ తగ్గిపోయింది. పూర్తిగా పోయిన రోజు నేను స్టీరింగ్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నావంటే ఎవరికీ చెప్పలేని ఏడుపు. ఆ తర్వాత శనివారాలు కూర్చున్నాం గానీ, నా చేతికి మార్కులు రాలేదు. ఏ గ్లాసు ఎత్తినా, పక్కన పెట్టేసిన ఆ డొప్పే కనిపించేది. నేస్తం ఫోన్లు తగ్గిపోయాయి. నేను చేస్తే పొడిపొడిగా మాట్లాడేది, పిల్లలకు వంట ఉందని పెట్టేసేది. అడవిలో నన్ను నాలుక ఉన్న పిల్ల అన్న ఒకే ఒక్క ఇల్లు నాకు మూసుకుపోతోందని తెలుస్తోంది, తలుపు ఎక్కడ తట్టాలో మాత్రం తెలియడం లేదు.

ఆరు నెలలు గడిచాక ఒక ఉపాయం తోచింది. ఆ చెట్టు గింజలు తెచ్చి మా మేడ మీద కుండీల్లో వేస్తే? మొలిచిన మొక్కలు పట్టుకుని వెళ్తే? ఆ ఉపాయం నాకెంత నచ్చిందంటే, మెట్ల మీద నిలబడే ఫోన్ చేశాను.

"మన చెట్టు పండ్లుంటె నాలుగు గింజలు దాచవే. వచ్చి తీసుకుపోత."



"పండ్లేడియే?" అంది నేస్తం. "ఆఖరి గెల నువ్వే తాగినవ్ కదా."

నేను మెట్టు మీద కూర్చుండిపోయాను. పంతొమ్మిదేళ్లప్పుడు ఆయన వేలు పెట్టి చూపించి చెప్పింది అప్పుడు గుర్తొచ్చింది. ఆ చెట్టు నుంచి ఇక ఎక్కడా మొక్క మొలవదు.

"ఎందుకు కోసిన్రే మరి? ఎందుకు కోయనిచ్చినవ్?"

"అమ్మ వారం రోజులు కొట్లాడింది. నాయిన ఇనలే. పిల్ల ఒక్క గెలకన్న రాకపాయె, ఇది గూడ మానుపిల్లికే ఇడిస్తె, తన చెట్టు రుచి తనకే తెల్వకుంట పోతది అన్నడు."

నేను ఆ రోజు చెప్పిన అబద్ధం కూడా చెప్పేశాను. సీసా పేలిందని, ఇంటికి చుక్క చేరలేదని.

"ఎరికే," అంది. "మూత బిగిస్తవని నాకు అప్పుడే ఎరికే." అని, చాలా రోజుల తర్వాత, కొంచెం నవ్వింది. "ఆగు, నాయినకు ఇస్త. నీ ఫోనొస్తె అడగాలంటుండు."

బాబాయ్ దగ్గి, గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, ఆ పొద్దు దేని లెక్కున్నదో నువ్వు చెప్పనే లేదు."

నేను కళ్లు మూసుకున్నాను. నురగ, పులుపు, మూడున్నర, అన్నీ పక్కకు నెట్టాను. ఫోన్ తీయకముందు, ఆకు అంచు పెదవికి తగిలినప్పుడు, ఒక్క క్షణం ఉంది. చల్లగా వచ్చి, చివర్లో ఒక వాసన. దాన్ని నేను గుర్తుపట్టాను. గుర్తుపట్టి కూడా, ఆ ఇద్దరి ముందు నిపుణురాలినైపోవాలని మింగేశాను.

"వాన పడ్డ ఇసుక లెక్కనే ఉన్నది బాబాయ్," అన్నాను. "ఎన్కట లెక్కనే. గట్లనే ఉన్నది."

ఆయన ఎవరికో కోయలో చెప్పడం వినబడింది. ముసలమ్మ నవ్వు వినబడింది. తర్వాత నాతో అన్నాడు:

"గీ మాట కోసమే ఆర్నెల్ల సంది చూస్తున్న బిడ్డా. నా డొప్ప ఆ పొద్దు గట్లనే ఉండిపాయె."